టమాటా వడలు తెగులుకు ఫేజ్‌లు: వేరు మట్టి నుంచి డ్రిప్ లైను దాకా సమగ్ర మార్గదర్శి

పచ్చగా, ఏపుగా ఉన్న టమాటా మొక్క ఎండ వేళ వాలిపోతుంది, సాయంత్రం కాస్త తేరుకుంటుంది, రెండు మూడు రోజుల్లో ఆకు పసుపుబారకుండా పచ్చిగానే ఎండిపోతుంది. నీళ్లు చాలలేదేమోనని తడి ఇస్తే పక్క మొక్కలూ అదే దారి పడతాయి. ఇది రాల్‌స్టోనియా అనే బాక్టీరియా తెచ్చే వడలు తెగులు. మన దేశంలో టమాటా, వంగ, మిరపల మీద కనిపించే రకాల్లో ఎక్కువ భాగాన్ని ఇప్పుడు శాస్త్రవేత్తలు రాల్‌స్టోనియా సూడోసొలనేసియారం అంటున్నారు. పాత పుస్తకాల్లో రాల్‌స్టోనియా సొలనేసియారం అనే ఉంటుంది. మట్టిలో, నీళ్లలో, కలుపు మొక్కల వేళ్లలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మొక్క లోపల నీళ్లు ఎక్కే గొట్టాల్లో చేరాక పైనుంచి ఏ మందు కొట్టినా అందదు.

ఈ బాక్టీరియాను తినే వైరస్‌లే బాక్టీరియోఫేజ్‌లు, పొట్టిగా ఫేజ్‌లు. మనిషికి, మొక్కకు, వానపాముకు వీటితో పని లేదు. ఒక్కో ఫేజ్ ఒక్కో బాక్టీరియా జాతినే, అందులోనూ కొన్ని రకాలనే పట్టుకుంటుంది. వీటి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. ఫేజ్ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఓడిపోయేది ఫేజ్ పనికిరాక కాదు. ఆ చేనులోని బాక్టీరియాకు సరిపోని ఫేజ్ వాడడం వల్ల, లేదా సరైన ఫేజే అయినా వేరు దగ్గరికి బతికి, వేళకు చేరకపోవడం వల్ల. కింద చెప్పే పనులన్నీ ఈ రెండు తప్పులు జరగకుండా చూడడానికే.

ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. ట్వార్ట్ 1915లో, డెరెల్ 1917లో అనే శాస్త్రవేత్తలు విడివిడిగా ఫేజ్‌లను గుర్తించారు. 1924లోనే క్యాబేజీ తెగులు బాక్టీరియా మీద వీటిని పరీక్షించారు. 1935లో అమెరికాలో మొక్కజొన్న విత్తనాలను ఫేజ్‌తో శుద్ధి చేస్తే స్టీవార్ట్స్ విల్ట్ తెగులు 18 శాతం నుంచి 1.4 శాతానికి తగ్గింది. తరవాత యాంటీబయాటిక్‌లు, రాగి మందులు వచ్చి దీన్ని పక్కకు నెట్టాయి. బాక్టీరియా వాటికి అలవాటు పడ్డాక మళ్లీ ఇటు చూస్తున్నారు. టమాటా, మిరప ఆకుమచ్చ కోసం తయారైన అగ్రిఫేజ్ అనే ఫేజ్ మందుకు 2005లో అమెరికా పర్యావరణ సంస్థ నమోదు దక్కింది. మన దగ్గర పంటలపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల వాడకాన్ని ఆపే ముసాయిదా ఉత్తర్వును కేంద్రం 2021 డిసెంబరులో తెచ్చింది.

ఈ పని ఎవరు చేయొచ్చు? వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్, శుద్ధి గాలిలో పనిచేసే లామినార్ ఫ్లో, వేగంగా తిప్పి బరువైనదాన్ని అడుగుకు దింపే సెంట్రిఫ్యూజ్, ఊపే షేకర్ ఉన్న వ్యవసాయ కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం, లేదా సూక్ష్మజీవుల ల్యాబ్ పెట్టుకున్న రైతు ఉత్పత్తిదారుల సంఘం. రైతు ఒక్కడే ఇంట్లో చేసే పని కాదు, చేయకూడదు కూడా. తెగులు బాక్టీరియాను లీటర్ల కొద్దీ పెంచాల్సి ఉంటుంది, అది కాస్తా తప్పించుకుంటే చేనుకే చేటు. చేనులో వాడకం దగ్గర్నుంచి చెప్పేది మాత్రం రైతుకూ పనికొస్తుంది.

మొదట తెగులు అదేనా అని తేల్చుకోండి

వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర 5 సెం.మీ. ముక్కగా కోయండి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, ముక్క కింది కొస నీళ్లలో మునిగేలా పట్టుకోండి, కదపొద్దు. అయిదు నిమిషాల్లోపు కొస నుంచి పాలలాంటి తెల్లని దారాలు కిందికి జారితే రాల్‌స్టోనియా. ఫ్యుజేరియం ఎండు తెగులైతే కాండం లోపల గోధుమరంగు చార ఉంటుంది గానీ దారాలు రావు, పైగా కింది ఆకులు ముందుగా, తరచూ ఒకవైపే పసుపుబారతాయి. వేళ్లు పీకి బుడిపెలు ఉన్నాయేమో కూడా చూడండి. నులిపురుగులు చేసిన గాయాల్లోంచే రాల్‌స్టోనియా సులువుగా లోపలికి పోతుంది. వాటిని వదిలేసి ఫేజ్ పోస్తే ఫలితం సగమే.

బాక్టీరియాను వేరు చేయడం

దారాలు కారిన ఆ నీళ్లనే ఒక లూపుతో తీసి టెట్రజోలియం కలిపిన సీపీజీ అగార్ మీద, అంటే బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పోషక పదార్థం మీద గీయండి. లీటరుకు పెప్టోన్ 10 గ్రా., గ్లూకోజ్ 5 గ్రా., కాసమైనో ఆమ్లాలు 1 గ్రా., అగార్ 15 గ్రా. కలిపి ఆటోక్లేవ్ చేయండి. 55 డిగ్రీలకు చల్లారాక, ఫిల్టర్‌తో శుద్ధి చేసిన 1 శాతం ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్ ద్రావణం 5 మి.లీ. కలపండి. 28 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచితే, తెగులు తెచ్చే రకం జారుగా, అంచులు వంకరగా, తెల్లగా, నడుమ గులాబీ రంగుతో పెరుగుతుంది. చిన్నగా, గుండ్రంగా, ముదురు ఎరుపులో ఉన్నవి తెగులు శక్తి పోగొట్టుకున్నవి. వాటినీ పారేయకండి, తరవాత పని ఉంది.

ఒక్క మొక్క నుంచి తీసిన ఒక్క రకంతో సరిపెట్టుకోవద్దు. మీరు సాయం చేయదలచిన ఊళ్లలో వేర్వేరు చేల నుంచి కనీసం పది రకాలు సేకరించండి. ప్రతిదాన్నీ శుద్ధి చేసిన డిస్టిల్డ్ వాటర్‌లో చిక్కగా కలిపి, బిగుతు మూత సీసాలో గది ఉష్ణోగ్రత దగ్గరే దాచండి. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి: 4 డిగ్రీల దగ్గర ఈ బాక్టీరియా బతికే ఉండి ప్లేటు మీద పెరగని స్థితికి పోతుంది. అగార్ మీద పదే పదే మార్చుతూ పోతే తెగులు శక్తే పోతుంది.

ఫేజ్ వేట

తెగులు ఉన్నచోటే దాన్ని తినేదీ ఉంటుంది. ఈ మధ్యే వాలిన మొక్కల వేళ్లకు అంటిన మట్టి, ఆ చేనులోంచి పారే కాలువ నీళ్లు, పాత తెగులు చేలో తెగులు తగలకుండా నిలబడిన మొక్కల కింది మట్టి తీసుకోండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. మట్టి తడిగా ఉన్నప్పుడే తీసి, ఎండ తగలకుండా తెచ్చి, రెండు రోజుల్లో పని మొదలుపెట్టండి.

ముందుగా ఫేజ్‌లు పాడవకుండా ఉంచే ఎస్ఎం బఫర్ అనే ఉప్పు ద్రావణం తయారు చేసుకోవాలి: లీటరుకు సోడియం క్లోరైడ్ 5.8 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2 గ్రా., పీహెచ్ 7.5 ఉన్న 1 మోలార్ ట్రిస్ 50 మి.లీ., 2 శాతం జెలటిన్ 5 మి.లీ. 10 గ్రా. మట్టిని 100 మి.లీ. బఫర్‌లో గంటసేపు షేకర్ మీద ఊపండి. సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పి, పైతేటను ముందు 0.45, తరవాత 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి పోనివ్వండి. నేరుగా 0.22తో మొదలుపెడితే రెండో నమూనాకే ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఈ తేట 10 మి.లీ., రెట్టింపు చిక్కదనం సీపీజీ ద్రవం 10 మి.లీ., లేత బాక్టీరియా కల్చర్ 1 మి.లీ. కలిపి 28 డిగ్రీల దగ్గర నిమిషానికి 150 చుట్ల వేగంతో ఒక రాత్రి ఊపండి. ఫేజ్ ఉంటే ఈ పాటికి వేల రెట్లు పెరిగి ఉంటుంది. మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి, వడకట్టండి. ఒక్కో నమూనాను ఒక్కో బాక్టీరియాతో విడిగా చేయడం మేలు. పది రకాలనూ ఒకే ఫ్లాస్కులో వేస్తే వేగంగా పెరిగే ఒక్క ఫేజే మిగతావాటిని మింగేసి, మీ చేతికి అదొక్కటే మిగులుతుంది.

రెండు పొరల అగార్

కింది పొర 1.5 శాతం అగార్‌తో మామూలు సీపీజీ ప్లేటు. పై పొర 0.5 శాతం అగార్‌తో, 46 డిగ్రీల వాటర్ బాత్‌లో కరిగి ఉన్న సీపీజీ, గొట్టానికి 4 మి.లీ. వడకట్టిన ద్రవాన్ని బఫర్‌తో పది పది రెట్లు పలచన చేస్తూ పోండి. ఒక్కో పలచన నుంచి 0.1 మి.లీ. తీసి, 0.3 మి.లీ. బాక్టీరియా కల్చర్‌తో కలిపి, పది నిమిషాలు ఆగి, పై పొర గొట్టంలో వేసి, బుడగలు రాకుండా చేతుల మధ్య తిప్పి ప్లేటు మీద పోయండి. 28 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే తెల్లని బాక్టీరియా పరుపు మీద తేట చుక్కలు కనిపిస్తాయి. వీటిని ప్లాక్‌లంటారు. ఒక్కో ప్లాక్ ఒక్క ఫేజ్ నుంచి పుట్టినది.

ఇక్కడ తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. గొట్టం 50 డిగ్రీలు దాటితే బాక్టీరియా చచ్చి పరుపే ఏర్పడదు, చూసినవాళ్లు ఫేజ్ అంతా తినేసిందనుకుంటారు. 42కు దిగితే అగార్ ఉండలు కడుతుంది. ప్లేటు తడిగా ఉంటే పై పొర జారి ప్లాక్‌లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, కాబట్టి ప్లేట్లను ముందురోజే పోసి ఆరనివ్వండి. ప్రతిసారీ ఫేజ్ వేయని ఒక ప్లేటు ఉండి తీరాలి.

30 నుంచి 300 ప్లాక్‌లున్న ప్లేటునే లెక్కకు తీసుకోండి. ప్లాక్‌ల సంఖ్యను, పోసిన మి.లీ.తోనూ పలచన స్థాయితోనూ భాగించాలి. కోటి రెట్ల పలచన, అంటే 10⁻⁷ నుంచి 0.1 మి.లీ. పోస్తే 84 ప్లాక్‌లు వచ్చాయనుకుందాం: మూల ద్రవంలో మి.లీ.కు 8.4 × 10⁹ ఫేజ్‌లు. ఈ సంఖ్యనే పీఎఫ్‌యూ అని రాస్తారు. ఇకపై అన్ని మోతాదులకూ ఇదే కొలత. ఇది లేని ఫేజ్ సీసా దేనికీ పనికిరాదు.

విడిగా ఉన్న ఒక్క ప్లాక్‌ను టిప్‌తో పొడిచి 1 మి.లీ. బఫర్‌లో వేసి, మళ్లీ ప్లేటు పోయండి. ఇలా మూడుసార్లు. అన్ని ప్లాక్‌లూ ఒకే సైజులో, ఒకేలా వస్తే శుద్ధమైనట్టు.

ఏ ఫేజ్ ఉంచుకోవాలి, ఏది పారేయాలి

పని మొత్తంలో తెలివి వాడాల్సింది ఇక్కడే. ఎక్కువ ప్లాక్‌లు ఇచ్చిందని, పెద్ద ప్లాక్ చేసిందని ఎంచుకోవద్దు.

అంచు స్పష్టంగా, నడుమ అద్దంలా తేటగా ఉన్న ప్లాక్‌లవే తీసుకోండి. మసక ప్లాక్ రెండు అనుమానాలకు తావిస్తుంది. ఒకటి, అది బాక్టీరియాను చంపకుండా దాని జన్యువులో దాక్కునే టెంపరేట్ ఫేజ్ కావచ్చు. అలాంటిది దాక్కున్న బాక్టీరియాను అదే ఫేజ్ మళ్లీ ఏమీ చేయలేదు. రెండు, అది దారంలాంటి ఫేజ్ కావచ్చు. రాల్‌స్టోనియా విషయంలో ఇది ఇంకా ప్రమాదం: ఆర్ఎస్ఎస్1 అనే దారం ఫేజ్ సోకిన రాల్‌స్టోనియా మొక్కను ఇంకా త్వరగా చంపుతుందని జపాన్ పరిశోధకులు చూపించారు. మందనుకుని తెగులుకు బలం పోసినట్టవుతుంది. దారం ఫేజ్‌లు క్లోరోఫాం తట్టుకోవు కాబట్టి, ద్రవంలో పదోవంతు క్లోరోఫాం కలిపి అరగంట ఊపి, మళ్లీ ప్లేటు పోస్తే వాటి గుట్టు బయటపడుతుంది. ఇది తొలి జల్లెడ మాత్రమే. చివరికి ఎంచుకున్న ఫేజ్‌ల డీఎన్ఏను సీక్వెన్సింగ్‌కు పంపి, బాక్టీరియా జన్యువులో దాక్కోవడానికి పనికొచ్చే ఇంటిగ్రేజ్ జన్యువుగానీ, విషాలకు సంబంధించిన జన్యువులుగానీ లేవని చూసుకోండి. ఇవాళ అది పెద్ద ఖర్చు కాదు, మానేయడానికి సాకు లేదు.

తరవాత ప్రతి ఫేజ్‌నూ మీ దగ్గరున్న పది బాక్టీరియా రకాల మీద చుక్కలుగా పెట్టి చూడండి. ఒక జాగ్రత్త: చిక్కటి ఫేజ్ చుక్క పెట్టినచోట, ఫేజ్ పెరగకుండానే బాక్టీరియా చచ్చి తేటపడవచ్చు. పలచన చేస్తూ పెట్టిన చుక్కల్లో విడి ప్లాక్‌లు కనబడితేనే నిజంగా సోకినట్టు లెక్క. మేలు చేసే బాక్టీరియాలైన సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ మీద కూడా పెట్టి చూడండి, అవి చావకూడదు. రైతులు అవి కూడా వేస్తుంటారు కదా.

ఒక్క ఫేజ్ ఎప్పుడూ చాలదు. కోట్ల బాక్టీరియాల్లో దానికి లొంగనిది ఒకటి ఉండనే ఉంటుంది, కొన్నాళ్లలో అదే చేనంతా నిండుతుంది. మిశ్రమం ఎంచడానికి సులువైన పద్ధతి: బాక్టీరియాను ‘ఎ’ ఫేజ్‌తో 48 గంటలు పెంచి, బతికి బట్టకట్టినవాటిని ఏరి, మూడుసార్లు గీసి శుద్ధి చేసి, వాటి మీద ‘బి’, ‘సి’, ‘డి’ ఫేజ్‌లను పెట్టండి. ‘ఎ’కు లొంగనిదాన్ని చంపేవే ‘ఎ’కు జోడు. ఇలా మూడు నాలుగు ఫేజ్‌లను కూర్చండి. పేరుకు నాలుగు ఫేజ్‌లున్నా అన్నీ బాక్టీరియా ఒంటి మీద ఒకే చోట అతుక్కునేవైతే ఒక్కటి ఉన్నట్టే. చైనాలో టమాటా వడలు తెగులు మీద చేసి 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో, మిశ్రమంలో ఫేజ్‌ల సంఖ్య పెరిగే కొద్దీ తెగులు తగ్గింది, అత్యధికంగా 80 శాతం దాకా. లొంగకుండా మిగిలిన బాక్టీరియా కూడా పోటీలో వెనకబడి పెరుగుదల కోల్పోయింది.

కుండీ పరీక్ష

చేనుకు పోయే ముందు కిలో మట్టి కుండీల్లో 30 రోజుల నారుతో చూడండి. నాలుగు వరసలు పెట్టాలి: ఏమీ వేయనిది, బాక్టీరియా ఒక్కటే, బాక్టీరియాతో పాటు ఫేజ్, బాక్టీరియాతో పాటు ఆటోక్లేవ్‌లో చంపిన ఫేజ్ ద్రవం. వరసకు 12 మొక్కలు. బాక్టీరియా మి.లీ.కు 10⁸ ఉన్న ద్రావణం కుండీకి 50 మి.లీ., ఫేజ్ అంతకు ఒక రోజు ముందు. ఉష్ణోగ్రత 28 నుంచి 32 డిగ్రీలు, నాలుగు వారాలు. నాలుగో వరసను అనవసరమని తీసేయకండి. ఫేజ్ ద్రవంలో పెప్టోన్, గ్లూకోజ్ ఉంటాయి. వాటి ఎరువు ప్రభావాన్ని ఫేజ్ ఖాతాలో వేసే ప్రమాదం ఉంది.

ఎక్కువ మోతాదులో తయారీ

సీపీజీ ద్రవం లీటరులో బాక్టీరియాను 600 నానోమీటర్ల దగ్గర ఓడీ, అంటే ద్రవం ఎంత మబ్బుగా ఉందో చెప్పే కొలత, 0.2 వచ్చేదాకా పెంచండి, అంటే మి.లీ.కు సుమారు 2 × 10⁸. అప్పుడు మెగ్నీషియం సల్ఫేట్‌ను 1 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి, మి.లీ.కు 10¹⁰ ఉన్న ఫేజ్ ద్రవం 1 మి.లీ. వేయండి. ఇరవై బాక్టీరియాలకు ఒక ఫేజ్ అన్నమాట. ఎక్కువ వేస్తే మంచిదనుకోకండి, తొలి దెబ్బకే బాక్టీరియా అంతా చచ్చి, ఫేజ్ పెరగడానికి ఏమీ మిగలదు. ఓడీ 1 దాటిన ముసలి కల్చర్‌లో వేసినా దిగుబడి రాదు. నాలుగు ఫేజ్‌లను నాలుగు ఫ్లాస్కుల్లో విడివిడిగా పెంచి, లెక్క తేలాక చివర్లో సమాన సంఖ్యలో కలపాలి.

కొన్ని గంటల్లో మబ్బుగా ఉన్న ద్రవం తేటపడుతుంది, నురగలో చచ్చిన కణాల పీచు కనిపిస్తుంది. అప్పుడే ఆపేయండి. మర్నాటికి వదిలేస్తే లొంగని రకాలు పెరిగి మళ్లీ మబ్బు కమ్ముతుంది. క్లోరోఫాం 1 శాతం కలిపి అరగంట ఊపి, 8,000 జీ వేగంతో 20 నిమిషాలు తిప్పి, అడుగున పేరుకున్న క్లోరోఫాం రాకుండా పైతేట తీసి, 0.45, 0.22 ఫిల్టర్లలో వడకట్టండి. రాల్‌స్టోనియా జిగురు ఫిల్టర్లను తినేస్తుంది, సెంట్రిఫ్యూజ్ దగ్గర పిసినారితనం చూపిస్తే ఫిల్టర్ల దగ్గర డబ్బు పోతుంది.

ఇంతకుముందు దాచమన్న ఎర్రని చిన్న కాలనీల పని ఇక్కడ. తెగులు శక్తి పోయిన ఆ రకం మీద మీ ఫేజ్ బాగా పెరిగితే, తయారీకి దాన్నే వాడండి. పొరపాటున ఒకటి అరా బతికి చేనుకు పోయినా నష్టం తక్కువ, జిగురూ తక్కువే. అన్ని ఫేజ్‌లూ వాటి మీద పెరగవు, లెక్క చూసుకోవాలి.

వడకట్టిన ప్రతి బ్యాచ్ నుంచి 1 మి.లీ. సీపీజీ ప్లేట్ల మీద, 10 మి.లీ. సీపీజీ ద్రవంలో వేసి 72 గంటలు చూడండి. ఒక్క కాలనీ వచ్చినా ఆ బ్యాచ్ ఆటోక్లేవ్‌కే. ఈ పరీక్ష మానేసి తొందరపడితే తెగులును మీరే చేనుకు పారిస్తారు.

ఫేజ్ పని గది, బాక్టీరియా నిల్వ గది వేరుగా ఉండాలి. ఫేజ్ తుంపరలు మూల కల్చర్లలో పడితే నెలల పని పోతుంది. బల్లలను బ్లీచింగ్ ద్రావణంతో తుడవండి, వాడిన ప్రతిదాన్నీ 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే పారేయండి. తయారైన ద్రవాన్ని ముదురు రంగు సీసాల్లో 4 డిగ్రీల దగ్గర ఉంచి, నెలకోసారి లెక్క చూడండి. ఊరికే ఫ్రీజర్‌లో పెట్టకండి.

చేనులో వాడకం

ఫేజ్ వాలిపోయిన మొక్కను లేపదు. బాక్టీరియా గొట్టాల్లో చేరకముందే వేరు చుట్టూ ఫేజ్ ఉండాలి. అందుకే అన్నిటికంటే చవకైన, ఫలవంతమైన చోటు నారుమడి.

లెక్క చూడండి. వరసల మధ్య 120, మొక్కల మధ్య 45 సెం.మీ. ఉంటే ఎకరాకు సుమారు 7,500 మొక్కలు, 98 గుంతల ప్రోట్రేలు 77. ట్రేకు అర లీటరు చొప్పున, మి.లీ.కు 10⁸ ఉన్న ద్రావణం 38.5 లీటర్లు కావాలి. మి.లీ.కు 10¹⁰ ఉన్న మూల ద్రవమైతే 385 మి.లీ.తో సరి. అదే నాటిన తరవాత మొక్కకు 100 మి.లీ. చొప్పున పోస్తే 750 లీటర్లు, మూల ద్రవం 7.5 లీటర్లు. రెండూ చేయాలి, కానీ ఒక్కటే చేయగలిగితే నారు దగ్గరే చేయండి. నాటడానికి రెండు రోజుల ముందు సాయంత్రం ట్రేలు తడిపితే, వేరు ముద్దతో పాటే ఫేజ్ చేనులోకి వెళ్తుంది.

నాటిన రోజో మర్నాడో మొదళ్ల దగ్గర మొదటి పోత. తరవాత 10 నుంచి 14 రోజులకోసారి, కాయ పట్టేదాకా. తినడానికి బాక్టీరియా దొరక్కపోతే మట్టిలో ఫేజ్ సంఖ్య వారాల్లో పడిపోతుంది కాబట్టి ఒక్కసారి పోసి వదిలేయడం కుదరదు. ఫేజ్ నడిచి పోలేదు, మట్టిలోని నీటితోనే కదులుతుంది. పొడి మట్టిలో పోస్తే పైపొరలోనే అతుక్కుని చస్తుంది. ముందు తడి, తరవాత ఫేజ్. నల్లరేగడిలో బంకమట్టి రేణువులు ఫేజ్‌ను పట్టేస్తాయి, అక్కడ నీళ్లు కొంచెం ఎక్కువగా, పోతలు దగ్గర దగ్గరగా ఉండాలి. మట్టి పీహెచ్ 5.5 కంటే తక్కువైతే ముందు సున్నం సంగతి చూడండి.

డ్రిప్ ఉంటే పని సులువు. ముందు 20 నిమిషాలు వట్టి నీళ్లు, తరవాత మందును డ్రిప్ లైనులోకి పీల్చే వెంచురీ ద్వారా ఫేజ్, చివర 10 నిమిషాలు మళ్లీ వట్టి నీళ్లు. మొక్కకు చేరే మొత్తం సంఖ్య, సుమారు 10¹⁰, ముఖ్యం. అది ఎన్ని నీళ్లలో కలిసి వెళ్లిందన్నది అంత ముఖ్యం కాదు. లైన్లకు ఆ వారంలో యాసిడ్‌గానీ క్లోరిన్‌గానీ పట్టించి ఉంటే బాగా కడిగాకే ఎక్కించండి. పలచన చేయడానికి బోరు నీళ్లు మేలు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఫేజ్‌ను చంపుతుంది.

మన రైతులు వడలు తెగులు కనబడగానే మొదళ్లలో బ్లీచింగ్ పౌడరో, కాపర్ ఆక్సీక్లోరైడో పోస్తారు. ఈ రెండూ ఫేజ్‌కు విషమే. బ్లీచింగ్ వేయాలనుకుంటే నాటకముందు వేసి, వారం పది రోజులు ఆగి, రెండు తడులు ఇచ్చాక ఫేజ్ పోయండి. ఇదివరకే వాలిన మొక్కలను వేళ్లతో సహా పీకి, మట్టి రాలకుండా సంచిలో వేసి బయటికి తీసుకుపోయి తగలబెట్టండి. ఆ గుంత చుట్టూ నాలుగేసి మొక్కలకు రెట్టింపు మోతాదు ఇవ్వడం తెలివైన పని.

తట్టుకునే రకం దొరికితే దానితోనే మొదలుపెట్టండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్, అర్క సామ్రాట్ లాంటివో, వడలు తెగులు తట్టుకునే వంగ వేరుమొక్క మీద కట్టిన టమాటా అంటో ఉంటే ఫేజ్ పని సగం తేలికవుతుంది. తగిలే రకం వేసి, బోదెల మీద నీళ్లు నిలబెట్టి, ఫేజ్ మీద భారం వేస్తే అది మోయలేదు.

చేనులో కొంత భాగం ఫేజ్ లేకుండా వదలడానికి రైతు ఒప్పుకోడు, అయినా ఒప్పించాలి. చేనంతా పరుచుకునేలా నాలుగు చోట్ల ఫేజ్ మళ్లు, నాలుగు చోట్ల మామూలు మళ్లు, ఒక్కోదాంట్లో కనీసం 50 మొక్కలు. నీటి పారుదలలో ఫేజ్ మడి కింద మామూలు మడి పడితే ఫేజ్ అటు జారి తేడా కనబడకుండా పోతుంది. వారానికోసారి వాలిన మొక్కలు లెక్కపెట్టి, ప్రతి మడి నుంచి 10 గ్రా. వేరు మట్టి తెచ్చి ఫేజ్ సంఖ్య చూడండి. తెగులు తగ్గకపోతే కారణం తెలిసేది దీనివల్లే. మట్టిలో ఫేజ్ పడిపోతే చేరవేతలో లోపం. ఫేజ్ బోలెడు ఉండి కూడా మొక్కలు వాలుతుంటే, ఆ మొక్కల నుంచి బాక్టీరియా తీసి మీ ఫేజ్‌లకు లొంగుతోందో లేదో చూడాలి.

ఆకు తెగుళ్లైతే లెక్క వేరు

టమాటా, మిరపల బాక్టీరియా ఆకుమచ్చ, నిమ్మ గజ్జి తెగులు లాంటివి క్సాంథోమోనాస్ అనే మరో బాక్టీరియా వల్ల వస్తాయి. ఫేజ్ పట్టే పద్ధతి అదే గానీ, ఆకు మీద ఫేజ్‌కు పెద్ద శత్రువు ఎండ. మధ్యాహ్నం కొట్టిన ఫేజ్ సాయంత్రానికి దాదాపు మిగలదు. ఫ్లోరిడాలో టమాటా మీద పనిచేసినవాళ్లు రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి, పొద్దు వాలాక కొట్టడం: రాత్రంతా ఆకు మీద మంచు తడి ఉంటుంది, బాక్టీరియా కదిలేదీ అప్పుడే. రెండు, లీటరుకు వెన్న తీసిన పాలపొడి 7.5 గ్రా., పంచదార 5 గ్రా. కలపడం: పాల మాంసకృత్తులు ఎండకు అడ్డుగా నిలుస్తాయి. పాలపొడిని ముందు కొంచెం నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టకపోతే తైవాన్ పంపు నాజిల్ మూసుకుపోతుంది. కలిపింది ఆ సాయంత్రమే అయిపోవాలి, మర్నాటికి పులుస్తుంది. మి.లీ.కు 10⁸ చొప్పున వారానికి రెండుసార్లు.

రాగి మందు కొట్టిన ఆకు మీద ఫేజ్ బతకదు. రెండింటి మధ్య నాలుగైదు రోజులన్నా ఎడం ఇవ్వండి, ఎడం ఇవ్వలేకపోతే ఏదో ఒకటే ఎంచుకోండి. వరి బాక్టీరియా ఎండాకు తెగులులో మరో వాడకం ఉంది: జపాన్‌లో 1950లు, 60లలో మడి నీళ్లలో ఆ బాక్టీరియా ఫేజ్‌ల సంఖ్య లెక్కించి, తెగులు రాబోతోందని ముందే చెప్పేవారు. ఫేజ్ పెరిగిందంటే దాని తిండి పెరిగినట్టే కదా.

మిశ్రమం పాతబడుతుంది, పైగా చట్టం ఉంది

ఒక ఏడు పనిచేసిన మిశ్రమం మరుసటి ఏడు పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. చేనులోని బాక్టీరియా మారుతుంది, పక్క జిల్లా నారుతో కొత్త రకం వస్తుంది. ప్రతి పంట కాలం మొదట్లో అయిదారు చేల నుంచి తాజా బాక్టీరియా తీసి, మిశ్రమంలోని ఒక్కో ఫేజ్‌ను వాటి మీద పెట్టి, లొంగనివి ఎక్కువైతే ఆ ఫేజ్‌ను మార్చండి. ప్రతి సీసా మీద ఫేజ్ పేరు, పెంచిన బాక్టీరియా, బ్యాచ్ తేదీ, చివరిసారి చూసిన పీఎఫ్‌యూ, ఆ తేదీ రాసి ఉండాలి.

ప్రయోగ క్షేత్రంలో పరీక్ష వేరు, సీసాలో పోసి అమ్మడం వేరు. అమ్మాలంటే 1968 పురుగుమందుల చట్టం కింద కేంద్ర పురుగుమందుల బోర్డు, నమోదు కమిటీ దగ్గరికి వెళ్లాల్సిందే. రైతు చేలో పరీక్ష పెట్టేముందు మీ విశ్వవిద్యాలయం లేదా సంస్థలోని జీవభద్రత కమిటీ అనుమతిని, రైతు సమ్మతిని కాగితం మీద తీసుకోండి. ఊళ్లో ఎవరైనా లెక్క చెప్పకుండా ‘ఫేజ్ మందు’ అంటూ లీటరు డబ్బా అమ్ముతుంటే రెండు ప్రశ్నలు అడగండి: మి.లీ.కు ఎంత పీఎఫ్‌యూ, ఏ చేల బాక్టీరియా మీద పరీక్షించారు? జవాబు రాకపోతే కొనకండి.